అంబాసిడర్ ప్రొపెల్లర్ షాఫ్ట్ మార్చడం: పంచ్ గుర్తు నుంచి తొలి 100 కిలోమీటర్ల దాకా

ఇంజిన్ చేయించారు. టింకరింగ్, పెయింటింగ్ అయిపోయాయి. సీట్లు కొత్తవి. తీరా రోడ్డెక్కితే 50 దాటగానే సీటు కింద నుంచి గుర్రుమంటోంది, గేరు వేసి క్లచ్ వదిలితే వెనక ఎక్కడో ఠంగుమంటోంది. పాత అంబాసిడర్ బాగుచేసుకుంటున్న వాళ్ళలో ఎక్కువమంది చివరికి వచ్చి ఆగేది ఇక్కడే, ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర. గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్‌కు తిరుగుడును చేరవేసే పొడవాటి గొట్టమే ఇది. దాని రెండు కొసలా ఉండే ప్లస్ ఆకారపు జాయింట్లను క్రాసులంటారు. "షాఫ్ట్ మనమే మార్చుకోవచ్చా?" అని అడుగుతుంటారు. మార్చుకోవచ్చు. విప్పడానికి గంట, క్రాసులు మార్చడానికి ఒక పూట, బిగించడానికి ఇంకో గంట చాలు. పని చెడేది విప్పడంలో కాదు. గుర్తులు పెట్టకుండా విప్పడంలో, పాత షాఫ్ట్ ఎందుకు పాడైందో చూడకుండా కొత్తది ఎక్కించడంలో.

ఇక్కడ రాసింది 1489 సీసీ ఇంజిన్ ఉన్న పాత అంబాసిడర్లను దృష్టిలో పెట్టుకుని. ఇసుజు 1.8 ఇంజిన్ బండ్లకూ పని వరస ఇదే, పానాల సైజులే మారతాయి. మధ్యలో సెంటర్ బేరింగ్ ఉండే రెండు ముక్కల షాఫ్టుల సంగతి వేరు, ఇందులో కలపలేదు.

## 1. ముందు తేల్చుకోవాల్సింది: తప్పు షాఫ్ట్‌దేనా?

శబ్దం రాగానే షాఫ్ట్ దించేయకండి. సగం కేసుల్లో దోషి పక్కన ఉంటుంది.

ఠంగుమనే దెబ్బ. ముందు గేరు నుంచి రివర్సుకు మార్చినప్పుడు వినిపిస్తుంది. క్రాస్ అరిగినా, ఫ్లాంజ్ (రెండు భాగాలను కలిపే బిళ్ళ) బోల్టులు వదులైనా, స్ప్లైన్ (ఒకదాంట్లో ఒకటి జారే గాళ్ళ భాగం) పళ్ళు అరిగినా, డిఫరెన్షియల్లో లూజు పెరిగినా ఇదే శబ్దం. వెనక కమాన్ పట్టీల యూ-బోల్టులు వదులైతే కూడా అచ్చం ఇలాగే ఉంటుంది.

కిచకిచ. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు పిచ్చుక అరిచినట్టు, వేగంతో పాటు పెరిగే శబ్దం. క్రాస్ కాళ్ళకు తొడిగి ఉండే కప్పులో గ్రీజు ఎండిపోయిందన్నమాట. గ్రీజు కొడితే ఒక వారం ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. కప్పు లోపలి నీడిల్స్ (సూదుల్లాంటి సన్నని బేరింగు కడ్డీలు) అప్పటికే దెబ్బతిని ఉంటాయి.

అదురు. ఒక వేగం దగ్గరే మొదలై, దాటితే తగ్గేది. చక్రమా షాఫ్టా అన్నది చేతికి తెలుస్తుంది. 5.90-15 టైరు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు పది పదకొండు సార్లు తిరుగుతుంది. షాఫ్ట్ దానికి నాలుగు రెట్లకు పైగా, అంటే సెకనుకు నలభై దాటి తిరుగుతుంది. కాబట్టి చక్రం తప్పయితే బండి ఊగినట్టు ఉంటుంది, షాఫ్ట్ తప్పయితే తేనెటీగల గూడు మీద కూర్చున్నట్టు ఉంటుంది.

ఖాళీ రోడ్డు మీద అదురు వచ్చే వేగం తెచ్చుకుని, న్యూట్రల్ చేసి యాక్సిలరేటర్ వదిలేయండి. అదురు అలాగే ఉంటే ఇంజిన్‌ది కాదు. బండి నిలిపి ఇంజిన్ అదే వేగంలో తిప్పినప్పుడు కూడా వస్తే షాఫ్ట్‌ది కాదు, ఇంజిన్ వైపు చూడండి.

ఊళ పెట్టినట్టు మోత. యాక్సిలరేటర్ నొక్కితే ఒక రకంగా, వదిలితే ఇంకో రకంగా వస్తే అది డిఫరెన్షియల్ లోపలి క్రౌన్ పినియన్ పళ్ళ మోత. షాఫ్ట్ మార్చినా పోదు.

ఇక చేత్తో పరీక్ష. బండి కింద సురక్షితంగా చేరాక (5వ భాగం చదివాకే), క్రాసుకు అటూ ఇటూ ఉన్న రెండు యోక్‌లను (క్రాసును రెండు చెవులతో పట్టి ఉంచే కొసలను) రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. క్రాసుకూ యోక్‌కూ మధ్య కంటికి కనిపించేంత కదలిక ఉంటే దాని పని అయిపోయింది. కప్పు అంచున ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే ఇంక పరీక్ష కూడా అక్కర్లేదు.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. షాఫ్ట్ మొత్తాన్ని తిప్పి చూసి, కొంచెం తిరిగితే "లూజుంది" అంటారు. అది డిఫరెన్షియల్ పళ్ళ మధ్య సహజంగా ఉండే ఖాళీ. చూడాల్సింది క్రాస్ దగ్గర కదలికను.

కిచకిచను వాయిదా వేయొచ్చు, కదలికను వాయిదా వేయకండి. ముందు వైపు క్రాస్ విరిగితే షాఫ్ట్ ముందు కొస రోడ్డుకు గుచ్చుకుంటుంది. పరుగులో ఉన్న బండిని అది ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు.

## 2. మీ బండికి ఏ రకం ఉంది?

కింద పడుకుని టార్చి వేసి ముందు కొసను చూడండి.

మొదటి రకం: షాఫ్ట్ ముందు కొస స్లైడింగ్ (ముందుకూ వెనక్కూ జారే) యోక్‌గా నేరుగా గేర్‌బాక్స్ తోకలోకి, అంటే వెనక కొసలోకి దూరి ఉంటుంది. వెనక మాత్రమే నాలుగు బోల్టుల ఫ్లాంజ్. దీన్ని లాగితే గేర్‌బాక్స్ ఆయిల్ కారుతుంది.

రెండో రకం: రెండు కొసలా ఫ్లాంజులే. జారే స్ప్లైన్ షాఫ్ట్‌లోనే ఉంటుంది. ఆయిల్ కారదు కానీ వరస తప్పే ప్రమాదం దీనికే ఉంది. అదేమిటో 11లో వస్తుంది.

బాగుచేసే బండి అంటే ముప్ఫై నలభై ఏళ్ళలో ఎన్నో చేతులు పడి ఉంటాయి. వేరే గేర్‌బాక్స్ ఎక్కి ఉండొచ్చు, వేరే బండి షాఫ్ట్ కోసి అతికి ఉండొచ్చు. కాబట్టి "అంబాసిడర్‌కు ఇదే ఉంటుంది" అని ఎవరు చెప్పినా మీ కళ్ళతో చూశాకే సామాను కొనండి.

## 3. క్రాస్ మారిస్తే చాలా, షాఫ్ట్ మొత్తం మార్చాలా?

క్రాసులు మాత్రమే మార్చి సరిపెట్టుకోవాలంటే:

- గొట్టం మీద సొట్ట, పగులు, పాత వెల్డింగ్ అతుకు ఉండకూడదు.
- యోక్ చెవుల్లో కప్పు కూర్చునే కన్నం గుండ్రంగా ఉండాలి. కొత్త కప్పు వేలితో నొక్కితేనే జారిపోయిందంటే యోక్ పోయినట్టే.
- స్ప్లైన్ పళ్ళు మెట్లు పడి అరగకూడదు.
- గొట్టం వంగకూడదు. లేత్ మీద తిప్పి డయల్ పెడితే మధ్యలో అర మి.మీ. దాటి ఊగకూడదు.

ఈ నాలుగింట్లో ఏది తప్పినా షాఫ్ట్ మార్చాల్సిందే, లేదా పాత కొసలకు కొత్త గొట్టం వేయించాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లారీ షాఫ్టులకు గొట్టాలు మార్చే వాళ్ళు దొరుకుతారు. గొట్టం మార్పించుకుంటే డైనమిక్ బ్యాలెన్సింగ్ (తిప్పుతూ బరువు తేడా సరిచేయడం) కూడా చేయించాలి. "లేత్ మీద చూశాం, బాగానే తిరుగుతోంది" అన్న మాట సరిపోదు. లేత్ చెప్పేది వంకర గురించి, బరువు తేడా గురించి కాదు.

2014లో ఉత్తరపాడా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయాక అంబాసిడర్ సామాను పాత నిల్వల నుంచీ, తుక్కు బండ్ల నుంచీ వస్తోంది. హైదరాబాద్ రాణిగంజ్‌లో అడగండి, దొరక్కపోతే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్. తుక్కు షాఫ్ట్ కొంటే మొదట పొడవు కొలవండి. గేర్‌బాక్స్ మారిన బండికి పాత పొడవు సరిపోదు. స్లైడింగ్ యోక్ పూర్తిగా లోపలికి వెళ్ళి ఆగాక, బయటికి 20 నుంచి 25 మి.మీ. లాగిన స్థానంలో షాఫ్ట్ ఉండాలి. ఆ ఖాళీ లేకపోతే గుంతలో పడ్డ ప్రతిసారీ షాఫ్ట్ వెళ్ళి గేర్‌బాక్స్ బేరింగును గుద్దుతుంది.

క్రాస్ కిట్ కొనేటప్పుడు బండి పేరు చెప్పి ఊరుకోకండి. పాత క్రాస్, వెర్నియర్ పట్టుకెళ్ళండి. రెండు కొలతలు సరిపోవాలి: కప్పు వ్యాసం, ఎదురెదురు కప్పుల బయటి అంచుల మధ్య దూరం. సర్క్లిప్ (కప్పు జారిపోకుండా ఆపే స్ప్రింగు రింగు) లోపలి గాడిలో పడేదో, బయటి గాడిలో పడేదో కూడా చూసుకోవాలి. పెట్టె విప్పి ప్రతి కప్పులో నీడిల్స్ వరస పూర్తిగా ఉందో లేదో కొట్టులోనే చూడండి.

రెండు క్రాసులూ ఒకేసారి మార్చండి. ఒకటి పోయిందంటే రెండోది కూడా అదే వయసుది, అదే గ్రీజు తిన్నది.

## 4. సామాను సిద్ధం చేసుకోండి

పాత ఇంజిన్ బండ్లకు ఇంచ్ పానాలు కావాలి. మి.మీ. పానా దాదాపుగా పడుతుంది, ఆ "దాదాపు"కే నట్టు మూలలు గుండ్రమవుతాయి.

- రింగ్ పానాలు: 1/2, 9/16 అంగుళం. ఇసుజు బండ్లకు మి.మీ. సెట్
- జాకీ, రెండు జాకీ స్టాండ్లు, ముందు చక్రాలకు నాలుగు అడ్డు చెక్కలు
- సర్క్లిప్ ప్లయర్, సన్నని స్క్రూడ్రైవర్
- గట్టి బెంచి వైస్
- రెండు సాకెట్లు: ఒకటి కప్పు కంటే కొంచెం చిన్నది, ఇంకొకటి తన లోపల కప్పు పట్టేంత పెద్దది
- రాగి లేదా ఇత్తడి సుత్తి
- సెంటర్ పంచ్, తెల్ల పెయింట్
- తుప్పు వదిలించే ఆయిల్, వైర్ బ్రష్, కిరోసిన్
- గ్రీజు గన్, లిథియం గ్రీజు 2వ నంబరు
- టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది)
- కొత్త ఫ్లాంజ్ బోల్టులు, సెల్ఫ్‌లాక్ నట్లు
- మొదటి రకం బండి అయితే గేర్‌బాక్స్ తోక సీలు, టాప్ చేయడానికి గేర్ ఆయిల్, ఒక పాలిథిన్ సంచి, రబ్బరు బ్యాండు

బోల్టుల దగ్గర పిసినారితనం వద్దు. హార్డ్‌వేర్ కొట్టులో కిలో లెక్కన అమ్మే మెత్తని బోల్టులు ఇక్కడ పనికిరావు. హైటెన్సైల్ కావాలి, మర పిచ్ కూడా పాతదానితో కలవాలి. పాత నట్టు కొత్త బోల్టుకు చేత్తో ఎక్కుతోందా లేదా చూస్తే పిచ్ సంగతి తేలిపోతుంది.

ముందు రోజు రాత్రే ఫ్లాంజ్ నట్లన్నిటికీ తుప్పు ఆయిల్ కొట్టి వదిలేయండి.

## 5. బండిని లేపడం

గచ్చు నేల కావాలి. మట్టి మీద స్టాండు దిగబడుతుంది.

ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టండి. వెనక డిఫరెన్షియల్ గుండు కింద జాకీ వేసి లేపి, యాక్సిల్ గొట్టాల కింద, కమాన్ పట్టీలకు దగ్గరగా స్టాండ్లు పెట్టండి. స్టాండ్లు బాడీ కింద కాకుండా యాక్సిల్ కింద ఉంటే పట్టీల మీద బరువు అలాగే ఉంటుంది, షాఫ్ట్ రోడ్డు మీద ఉన్న కోణంలోనే ఉంటుంది. వెనక భాగం ఎత్తులో ఉండటం వల్ల గేర్‌బాక్స్ ఆయిల్ ముందుకు పోతుంది, కారేది తగ్గుతుంది.

ఒక్క జాకీ మీద నమ్మకంతో బండి కింద దూరకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టకండి. అవి పగిలేటప్పుడు ముందుగా చెప్పవు.

దూరే ముందు:

- బండిని పక్క నుంచి గట్టిగా తోసి చూశారా?
- రెండో మనిషి దగ్గర్లో ఉన్నారా?
- సైలెన్సర్ గొట్టం చల్లారిందా?
- కళ్ళద్దాలు పెట్టుకున్నారా? తుప్పు పొడి సరిగ్గా కంట్లోనే పడుతుంది.

## 6. గుర్తులు: ఈ పది నిమిషాలు వదలొద్దు

పానా పట్టక ముందే మూడు చోట్ల గుర్తులు పెట్టాలి.

1. షాఫ్ట్ వెనక ఫ్లాంజ్, డిఫరెన్షియల్ ఫ్లాంజ్: రెండింటి అంచు మీద ఎదురెదురుగా ఒక్కో పంచ్ చుక్క.
2. రెండో రకం షాఫ్ట్ అయితే గేర్‌బాక్స్ వైపు ఫ్లాంజులకు రెండేసి చుక్కలు, వెనకవాటితో కలిసిపోకుండా.
3. జారే స్ప్లైన్ దగ్గర, యోక్ మీదా గొట్టం మీదా ఒకే గీతలో చుక్కలు.

చుక్కల మీద తెల్ల పెయింట్ పూయండి. చాక్‌పీసు, మార్కర్ పెన్ను గుర్తులు కావు. మొదటిసారి నేను చాక్‌పీసుతో గీసుకుని, దించాక షాఫ్ట్‌ను శుభ్రంగా కిరోసిన్‌తో కడిగాను. మురికితో పాటు గీతలూ పోయాయి. స్ప్లైన్ ఒక పన్ను పక్కకు ఎక్కింది. 45 దగ్గర మొదలైన గుర్రును చక్రాల్లో, ఇంజిన్ మౌంటింగుల్లో రెండు ఆదివారాలు వెతికాను.

ఫోనుతో నాలుగు ఫోటోలు కూడా తీయండి. గ్రీజు నిప్పిల్ (గ్రీజు గన్ పెట్టే చిన్న మూతి) ఎటు చూస్తోందో ఫోటోలో పడాలి.

## 7. షాఫ్ట్ దించడం

హ్యాండ్‌బ్రేక్ వదిలి, న్యూట్రల్లో పెట్టి, వెనక చక్రం చేత్తో తిప్పితే ఫ్లాంజ్ నట్లు ఒక్కొక్కటిగా కిందికి వస్తాయి. పానాకు అందే చోట ఆపి హ్యాండ్‌బ్రేక్ వేయండి. షాఫ్ట్ బిగుసుకుని నిలుస్తుంది. నట్టు వదులు చేయండి, బ్రేక్ వదలండి, తిప్పండి. నాలుగూ ముందు వదులు చేసి, తరవాతే తీయడం మొదలుపెట్టండి.

డిఫరెన్షియల్ ఫ్లాంజ్ మధ్యలో ఉండే పెద్ద పినియన్ నట్టును ముట్టుకోకండి. అది లోపలి బేరింగ్ బిగువును పట్టి ఉంచే నట్టు. "వదులుగా ఉందేమో, ఒక పట్టు వేద్దాం" అనుకుని బిగిస్తే డిఫరెన్షియల్ పని నెత్తిన పడుతుంది.

చివరి బోల్టు తీసే ముందు షాఫ్ట్ కింద చెయ్యి లేదా తాడు ఉండాలి. బరువు ఎక్కువ కాదు, కానీ పడుకున్న మనిషి ముఖం సరిగ్గా దాని కిందే ఉంటుంది.

ఫ్లాంజులు అతుక్కుపోతే అంచున ఇత్తడి సుత్తితో చిన్న దెబ్బలు కొట్టండి. మధ్యలో ఉలి దించకండి, ముఖం మీద గాటు పడితే ఫ్లాంజ్ మళ్ళీ సమంగా కూర్చోదు.

విడిపోయాక వెనక కొసను కొంచెం దించి వెనక్కి లాగండి. మొదటి రకంలో ముందు కొస గేర్‌బాక్స్ నుంచి జారి వస్తుంది. వెంటనే తోకకు పాలిథిన్ సంచి తొడిగి రబ్బరు బ్యాండు వేయండి. రెండో రకంలో ముందు ఫ్లాంజ్ కూడా విప్పాలి. స్ప్లైన్ రెండు ముక్కలుగా ఊడిపోకుండా పట్టుకుని ఒకే వస్తువుగా దించండి.

## 8. షాఫ్ట్ లేని చోట ఏం చూడాలి

పాత షాఫ్ట్ ఎందుకు పోయిందో ఇక్కడే తెలుస్తుంది.

- గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బరు. నూనె తాగి ఉబ్బిందా, కుంగిందా? కుంగితే గేర్‌బాక్స్ తోక దిగి కోణం మారుతుంది, కొత్త క్రాసులు కూడా తొందరగా పోతాయి.
- తోక సీలు, బుష్. స్లైడింగ్ యోక్ చేత్తో పెట్టి పైకీ కిందికీ ఊపండి. బాగా ఊగితే బుష్ అరిగింది. అరిగిన బుష్ మీద కొత్త సీలు వేసినా నెలలోపే మళ్ళీ కారుతుంది.
- పినియన్ ఫ్లాంజ్. చేత్తో పట్టుకుని పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ కదపండి. ఆ వైపుల్లో కదలిక అసలు ఉండకూడదు.
- యూ-బోల్టులు, కమాన్ పట్టీలు. సెంటర్ బోల్టు విరిగి యాక్సిల్ పక్కకు జరిగిన బండ్లు చూశాను. పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య ఎవరైనా చెక్కముక్కో రేకో పెట్టి ఉంటే పినియన్ ముక్కు పైకో కిందికో తిరిగి ఉంటుంది.

ఇవేవీ తేడా లేకపోతే కారణం గ్రీజే. ఏళ్ళ తరబడి షెడ్డులో నిలిచిన బండ్లలో నీడిల్స్ ఒకే చోట నొక్కుకుని, క్రాస్ కాళ్ళ మీద గీతలు పడతాయి. కడిగి చూస్తే దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి.

## 9. పాత క్రాస్ తీయడం

యోక్ చెవులను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. తుప్పు, పెయింట్ కింద దాక్కున్న సర్క్లిప్ ఊడి రాదు, విరుగుతుంది.

సర్క్లిప్ కదలకపోతే కప్పును ఇత్తడి సుత్తితో లోపలికి ఒక దెబ్బ కొట్టండి. దాని మీది ఒత్తిడి తగ్గి వదులవుతుంది. నాలుగూ తీసేయండి.

వైస్‌లో ఒక వైపు కప్పు మీద చిన్న సాకెట్, ఎదురు వైపు యోక్ చెవి మీద పెద్ద సాకెట్ పెట్టి నెమ్మదిగా బిగించండి. చిన్న సాకెట్ ఈ కప్పును నెడుతుంది, ఎదురు కప్పు పెద్ద సాకెట్లోకి వస్తుంది. కొంత బయటపడ్డాక దాన్ని వైస్ దవడల్లో పట్టి షాఫ్ట్‌ను మెలితిప్పుతూ లాగేయండి. తరవాత తిరగేసి, క్రాస్‌ను వెనక్కి నెట్టి రెండో కప్పు.

వైస్ లేకపోతే పాత పద్ధతి ఉంది. కప్పు పైకి వచ్చేలా షాఫ్ట్ పట్టుకుని యోక్ చెవి పక్కన రాగి సుత్తితో కొడుతుంటే కప్పు కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. కొట్టాల్సింది చెవి మీద, గొట్టం మీద కాదు. గొట్టానికి పడ్డ చిన్న సొట్ట కూడా 80లో తెలుస్తుంది.

అసలు కదలని కప్పు కనిపిస్తే క్రాస్‌ను మధ్యలో కోసేయండి. ఎలాగూ పారేసేదే. యోక్‌ను మాత్రం గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చకండి.

గొట్టం మీద అక్కడక్కడ వెల్డ్ చేసిన చిన్న రేకు ముక్కలు కనిపిస్తే అవి బ్యాలెన్స్ బరువులు. మురికి అనుకుని గీకేయకండి.

## 10. కొత్త క్రాస్ వేయడం

పనంతటిలో ఓపిక కావాల్సింది ఇక్కడే.

1. యోక్ కన్నాల అంచుల్లో లోహపు గరుకు లేచి ఉంటే సన్నని ఎమరీ కాగితంతో తీయండి. సర్క్లిప్ గాడిని స్క్రూడ్రైవర్ మొనతో శుభ్రం చేయండి. గాడిలో ఇసుక రేణువున్నా సర్క్లిప్ పూర్తిగా కూర్చోదు.

2. కొత్త క్రాస్ కప్పులు తీసి, లోపల గ్రీజు పూసి నీడిల్స్‌ను గోడకు అంటించండి. గ్రీజు వాటిని నిలబెట్టే జిగురులా పనిచేస్తుంది. అలాగని కప్పు నిండా కుక్కకండి, క్రాస్ కాలు దిగడానికి చోటుండదు.

3. నిప్పిల్ దిశ చూసుకోండి. షాఫ్ట్ గొట్టం వైపు ఉండాలి, ఫ్లాంజ్ వైపు కాదు. ఫ్లాంజ్ వైపు ఉంటే జాయింట్ వంగినప్పుడు తగిలి విరుగుతుంది, గ్రీజు గన్ కూడా దూరదు. రెండు క్రాసుల నిప్పిల్స్ ఒకే పక్కకు వస్తే తరవాత గ్రీజు కొట్టడం సుఖం.

4. ఒక కప్పును యోక్ కన్నంలో సగం దాకా నెట్టండి. లోపలి నుంచి క్రాస్ పెట్టి దాని కాలును ఆ కప్పులోకి పోనివ్వండి. ఇప్పుడు ఎదురు కప్పు మొదలుపెట్టండి.

5. వైస్‌లో రెండు కప్పుల మధ్య పట్టి నెమ్మదిగా బిగించండి. ప్రతి అర మలుపుకూ ఆగి క్రాస్‌ను చేత్తో కదపండి. అది స్వేచ్ఛగా ఆడుతుంటే నీడిల్స్ నిలబడే ఉన్నాయి. బిగుసుకుంటే ఆపేయండి.

6. చిన్న సాకెట్‌తో కప్పును గాడి కనిపించేదాకా నెట్టి సర్క్లిప్ వేయండి. అది గాడిలో చుట్టూ కూర్చున్నట్టు చూసి, స్క్రూడ్రైవర్ మొనతో తిప్పి చూడండి.

కప్పు గాడికి ఒకటి రెండు మి.మీ. ముందే ఆగిపోయిందంటే, ఒక నీడిల్ కప్పు అడుగున అడ్డం పడింది. వైస్ ఇంకో మలుపు తిప్పాలనిపిస్తుంది. తిప్పకండి. కప్పు పగులుతుంది, లేదా అడుగున నలిగిన నీడిల్‌తోనే బండి రోడ్డెక్కి నెలలో మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. తీసి, సరిచేసి, మళ్ళీ మొదలుపెట్టండి. నాకు ఒక్కో కప్పు మూడుసార్లు తీయాల్సి వచ్చిన రోజులున్నాయి.

నాలుగు సర్క్లిప్పులూ పడ్డాక జాయింట్‌ను నాలుగు వైపులకూ వంచి చూడండి. బిగుతుగా ఉంటే యోక్ చెవుల మీద రాగి సుత్తితో చిన్న దెబ్బలు కొడితే కప్పులు సర్క్లిప్ దాకా జరిగి వదులవుతాయి. అన్ని వైపులా ఒకేలా కొంచెం బిగువుంటే ఫరవాలేదు. ఒక చోట పట్టి ఒక చోట వదిలితే లోపల ఏదో తేడా ఉంది.

చివరగా గ్రీజు గన్‌తో నాలుగు సీళ్ళ దగ్గరా గ్రీజు తొంగిచూసేదాకా కొట్టండి. మూడు చోట్ల వచ్చి నాలుగో చోట రాకపోతే ఆ కాలి దారి మూసుకుపోయింది. జాయింట్‌ను అటూ ఇటూ వంచి మళ్ళీ కొట్టండి.

ఇక్కడ ఎక్కువగా కనిపించే నాటు వైద్యాలు రెండున్నాయి. కప్పు వదులుగా ఉందని యోక్ కన్నంలో పంచ్‌తో చుక్కలు కొట్టడం ఒకటి, కప్పును యోక్‌కు వెల్డింగ్ టాకా వేయడం ఇంకొకటి. మొదటిదానికి క్రాస్ మధ్యకు కూర్చోదు. రెండోదాని వేడికి కప్పు, నీడిల్స్ గట్టిదనం పోతుంది, పైగా ఈసారి యోక్ కోయకుండా క్రాస్ రాదు. మీ పాత షాఫ్ట్‌కు ఇవి కనిపిస్తే యోక్ మార్చండి.

## 11. రెండు యోక్‌లూ ఒకే వరసలో ఉన్నాయా?

గొట్టానికి ముందొక యోక్, వెనకొక యోక్ ఉంటాయి. వాటి చెవులు ఒకే తలంలో ఉండాలి. క్రాస్ జాయింట్ వంగి తిరిగేటప్పుడు వేగం నిలకడగా ఉండదు, ప్రతి చుట్టుకూ రెండుసార్లు హెచ్చి రెండుసార్లు తగ్గుతుంది. ముందు జాయింట్ చేసిన ఆ హెచ్చుతగ్గును వెనక జాయింట్ సరిచేస్తుంది, కానీ రెండూ ఒకే వరసలో ఉంటేనే. వరస తప్పితే రెండూ కలిసి అదురు పెంచుతాయి. దీన్ని ఏ బ్యాలెన్సింగూ పోగొట్టలేదు.

మొదటి రకంలో గొట్టానికి రెండు యోక్‌లూ వెల్డ్ అయి ఉంటాయి కాబట్టి మీ చేతిలో తప్పు జరగదు. గొట్టం కొత్తగా వేయించుకుంటే మాత్రం చూసుకోవాలి. రెండో రకంలో స్ప్లైన్ ఎటు దూర్చినా దూరుతుంది. పదహారు పళ్ళుంటే ఒక పన్ను తేడాకే 22.5 డిగ్రీలు పక్కకు పోతుంది.

గుర్తులు పోతే షాఫ్ట్‌ను సమంగా ఉన్న గచ్చు మీద పెట్టి, ఒక కొస యోక్ చెవులు నేలకు సమాంతరంగా వచ్చేలా తిప్పండి. రెండో కొస చెవులూ అలాగే ఉండాలి. స్ప్లైన్ మీద ఫ్యాక్టరీ బాణం గుర్తులు ఉంటే ఇంకా సులువు, మురికి కడిగి వెతకండి.

## 12. తిరిగి బిగించడం

- ఫ్లాంజ్ ముఖాలు రెండూ తుడవండి. పెయింట్ పొర కూడా ఉండకూడదు.
- తోక సీలు కొత్తది వేసి, దాని లోపలి రబ్బరు అంచుకు గేర్ ఆయిల్ పూయండి. స్లైడింగ్ యోక్ బయటి ముఖం మీద తుప్పు మచ్చలుంటే సీలు చిరుగుతుంది, సన్నని ఎమరీతో నునుపు చేయండి.
- యోక్‌ను తిప్పుతూ లోపలికి పోనివ్వండి. సుత్తి అవసరం పడకూడదు.
- వెనక ఫ్లాంజ్ చుక్కలు ఎదురెదురుగా తెచ్చి నాలుగు బోల్టులూ చేత్తో ఎక్కించండి.
- ఫ్లాంజులు పూర్తిగా కూర్చున్నాక ఎదురెదురు జతలుగా బిగించండి.
- మీ మోడల్ మాన్యువల్ అంకెకే టార్క్ పానా పెట్టండి.
- పాత సెల్ఫ్‌లాక్ నట్లు మళ్ళీ వాడకండి. నైలాన్ రింగు ఒకసారికే.
- గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం బండి నేల మీద సమంగా దిగాక చూసి నింపండి. మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయండి.

బాగుచేసే బండ్లలో ఇంకొకటి చూస్తుంటాను. అండర్‌బాడీకి నల్ల కోటింగ్ కొట్టేటప్పుడు షాఫ్ట్‌కూ కలిపి కొట్టేస్తారు. అది ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా పడుతుంది, బ్యాలెన్స్ పోతుంది. షాఫ్ట్‌కు పలచని పెయింట్ పొర ఒక్కటి చాలు. కోటింగ్ పనికి ముందే షాఫ్ట్‌కు పాత గుడ్డ చుట్టండి.

## 13. ట్రయల్

బండి స్టాండ్ల మీద ఉండగా గేరు వేసి వేగం పెంచి చూడొద్దు. స్టాండు జారితే బండి గోడ దాకా ఆగదు. చక్రాన్ని చేత్తో పది చుట్లు తిప్పి ఏదీ తగలడం లేదని చూసుకుంటే చాలు. సైలెన్సర్ గొట్టం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ రెండూ షాఫ్ట్‌కు దూరంగా ఉండాలి.

మొదటి ఐదు కిలోమీటర్లు 40 లోపే. ఆపి, క్రాసుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, సైలెన్సర్ జాగ్రత్త. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడంటే ఆ క్రాస్ బిగుసుకుంది, తీసి చూడాల్సిందే. తరవాత 60, ఆ తరవాత 80.

## 14. అయినా అదురుతుంటే

ఈ వరసలో వెళ్ళండి, డబ్బు ఖర్చు కానివి ముందు.

1. వెనక ఫ్లాంజ్ విప్పి 180 డిగ్రీలు తిప్పి బిగించి చూడండి. షాఫ్ట్ లోపమూ ఫ్లాంజ్ లోపమూ ఒకే పక్కకు కలిసిపడితే ఇలా విడిపోతాయి. మెరుగైతే కొత్త చుక్కలు కొట్టుకోండి.
2. వెనక చక్రాలను ముందుకు మార్చి చూడండి. అదురు స్టీరింగులోకి మారితే తప్పు చక్రాలది.
3. ఫోనులో కోణం కొలిచే యాప్‌తో గేర్‌బాక్స్ వాలునూ పినియన్ వాలునూ కొలవండి. బండి నేల మీద, తన బరువు మీద ఉండాలి. రెండూ దాదాపు సమాంతరంగా ఉండాలి. తేడా ఒక డిగ్రీ దాటితే మౌంటింగ్, పట్టీలు మళ్ళీ చూడండి.
4. గొట్టం వెనక కొస దగ్గర ఒక హోస్ క్లిప్పు బిగించి, దాని స్క్రూ తలను పావు చుట్టు చొప్పున జరుపుతూ నాలుగు ట్రయల్స్ వేయండి. ఒక చోట అదురు స్పష్టంగా తగ్గితే లోపం బ్యాలెన్స్‌లో ఉంది.
5. అప్పుడు షాఫ్ట్ దించి డైనమిక్ బ్యాలెన్సింగ్‌కు పంపండి. కొత్త క్రాసులతో, మీరు బిగించిన వరసలోనే పంపాలి. అక్కడ స్ప్లైన్ ఊడదీయవద్దని చెప్పండి.

100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ కిందికి దూరి ఫ్లాంజ్ నట్లన్నిటికీ టార్క్ పానా పెట్టండి, తోక సీలు తడి చూడండి, నిప్పిల్స్‌కు రెండు పంపులు గ్రీజు కొట్టండి. ఆ తరవాత ఏడాదికి రెండుసార్లు గ్రీజు చాలు. వానకాలంలో బండి నీళ్ళలో దిగితే మాత్రం ఆ వారంలోనే కొట్టండి.